రెండు మిల్లీమీటర్ల దూరంలో

బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్లో చేరినవాళ్ళందరం ఒక మాట చెప్పుకుంటాం: "ఓ రెండేళ్ళు చేసి మళ్ళీ కోర్‌కి వచ్చేస్తా." 2010లో క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిన రోజు నేనూ చెప్పాను, మా చిన్న మావయ్యతో. ఆయనకి అప్పటికే బాలానగర్‌లో చిన్న మెషిన్ షాప్ ఉంది. "సరేరా, చేసిరా. లేత్‌లు ఎక్కడికీ పోవు" అన్నాడు.

ఆ రెండేళ్ళు పదమూడయ్యాయి. 2023 మార్చిలో మా కంపెనీ మా టీమ్ మొత్తాన్ని పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో తీసేసింది. అదే నెలలో మావయ్య గుండెకి స్టెంట్ వేశారు. మా అమ్మ ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టుకుని తనే ఒక పరిష్కారం కనిపెట్టింది. "ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా. వాడు కోలుకునేదాకా వెళ్ళి షాపులో కూర్చో."

అలా మూడు నెలలు కూర్చున్నాను. ఆ మూడు నెలల్లో నేను నేర్చుకున్నదీ, పాడుచేసిందీ ఒకే మెషీన్ మీద. దాని గురించే ఇది.

షాపు ఫతేనగర్ వైపు ఒక సందులో ఉంటుంది. సందు మొదట్లోకి రాగానే ఆయిల్ వాసన, గ్రైండింగ్ మోత. లోపల రెండు పాత ట్రాబ్‌లు, ఒక సీఎన్‌సీ లేత్, ఒక మిల్లింగ్ మెషీను, ఒక డ్రిల్లు. వీటన్నిటికీ అవతల, మావయ్య అప్పుచేసి సెకండ్ హ్యాండ్‌లో కొన్న జపాన్ మెషీను. పుస్తకాల్లో దాన్ని స్విస్ టైప్ లేత్ అంటారు. షాపులో ఆ మాట ఎవరూ అనరు. 'స్లైడింగ్ హెడ్' అంటారు, తొందరలో ఉంటే 'స్లైడింగ్' అంటారు. దాన్ని నడిపేది ఒక్కడే. యాభై దాటిన మనిషి, ఊరు జనగామ దగ్గర. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. రెండో వారం నుంచి నేనూ అలాగే పిలిచాను.

మొదటి రోజు ఆ మెషీన్ ముందు నిలబడి పది నిమిషాలు చూశాను గానీ నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాలేజీ వర్క్‌షాపులో మేం చూసిన లేత్‌లో ఇనుప కడ్డీని చక్‌లో బిగిస్తాం, అది ఉన్నచోటే తిరుగుతుంది, టూల్ దాని పొడవునా కదులుతూ కోస్తుంది. ఇక్కడంతా రివర్సు. పొడవు వెంబడి టూల్ కదలదు. తిరుగుతున్న కడ్డీయే, దాన్ని పట్టుకున్న హెడ్‌తో సహా, ముందుకి జరుగుతూ టూల్ దగ్గరికి వస్తుంది. రావడం కూడా నేరుగా రాదు. గైడ్ బుష్ అని ఒక చిన్న గొట్టం ఉంటుంది, లోపల కార్బైడ్ తొడుగుతో. కడ్డీ సరిగ్గా పట్టేంత రంధ్రం. కడ్డీ అందులోంచి తల బయటికి పెడుతుంది. బుష్ మూతికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలోనే టూల్ కాచుకుని ఉంటుంది.

ఇంత తతంగం ఎందుకో అర్థం కావడానికి నాకు రెండో సంవత్సరం స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది. గోడలో ఒక చివర పాతిన కమ్మీ రెండో చివర బరువు వేలాడదీస్తే ఎంత వంగుతుంది? వంపు పొడవుకి ఘనంలో పెరుగుతుంది. పొడవు రెండింతలైతే వంపు ఎనిమిదింతలు. ఆ సూత్రం పరీక్షలో రాసి పది మార్కులు తెచ్చుకున్నాను గానీ అది దేనికి పనికొస్తుందో అప్పుడు అడగలేదు.

అప్పుడు మెషీన్ మీద నడుస్తున్న జాబ్ ఒక వాల్వులో కూర్చునే సన్నటి పిన్ను. 6 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ బార్‌ని 60 మిల్లీమీటర్ల పొడవునా 3 మిల్లీమీటర్లకి దించాలి. తేడా అటూ ఇటూ 10 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక మందంలో చిన్న భాగం. మామూలు లేత్‌లో 3 మిల్లీమీటర్ల కడ్డీని 60 బయటికి పెట్టి, చివర ఒక కేజీ బరువంత ఒత్తిడి పెట్టినా చాలు, అది దాదాపు 0.9 మిల్లీమీటర్లు వంగుతుంది. మనకున్న అనుమతి 0.01. అదే ఒత్తిడి బుష్‌కి రెండు మిల్లీమీటర్ల దూరంలో పడితే? 60కి 2 అంటే ముప్పయ్యో వంతు పొడవు. ముప్పై ఘనం 27,000. వంపు అన్ని రెట్లు తగ్గిపోతుంది. కడ్డీ ఎంత పొడుగున్నా, ఎంత సన్నంగా చెక్కాల్సివచ్చినా, కోత పడే చోట మాత్రం అది ఎప్పుడూ పొట్టి కడ్డీయే. ఆధారం కోత పక్కనే ఉంటుంది. మెషీన్ మొత్తం ఆ ఒక్క ఆలోచన చుట్టూ కట్టిందే.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఈ ఆలోచన ఎవరిదని వెతికాను. పుస్తకం చదివితే రచయిత గురించి వెతికే అలవాటు ఇక్కడా పోలేదు. 1870ల్లో స్విట్జర్లాండ్‌లోని బీల్ పట్నంలో యాకోబ్ ష్వైట్జర్ అనే ఆయన హెడ్ జరిగే ఈ పద్ధతి మొదలుపెట్టాడు. వాచీల్లో వాడే వెంట్రుకల్లాంటి ఇరుసులు, స్క్రూలు వంగకుండా కోయడం కోసం. 1880లో నికోలస్ యూంకర్ మూటియే అనే ఊళ్ళో ఇలాంటి లేత్‌లు చేసే ఫ్యాక్టరీ పెట్టాడు. తర్వాత టోర్నోస్, బెక్లర్, పీటర్‌మన్ అని మూడు కంపెనీలు ఆ ఒక్క చిన్న ఊరి నుంచే ఎదిగాయి. వాచీలకీ ఈ లేత్‌లకీ ఉన్న చుట్టరికం ఇంకా తెగలేదు. మనం చేతికి పెట్టుకునే సిటిజన్ వాచీల కంపెనీ ఈ లేత్‌లు కూడా చేస్తుంది. 1961లో బెంగళూరులో హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ మొదలైందీ ఆ సిటిజన్‌తో కలిసే. మావయ్య చేతికి ఇప్పటికీ పెళ్ళిలో పెట్టిన ఆల్విన్ వాచీ ఉంటుంది, 1980ల్లో మన హైదరాబాద్ ఆల్విన్ సీకో సాయంతో చేసినవాటిలో ఒకటి. అది రోజుకి నాలుగు నిమిషాలు వెనక పడుతుంది. మైక్రాన్ల మీద బతికే మనిషి దాన్ని బాగుచేయించడు. "నాకు టైమ్ తెలుసులేరా" అంటాడు.

ఇదంతా పొద్దున్నే ఉస్తాద్‌కి ఉత్సాహంగా చెప్పాను. ఆయన విని, "మంచిగనే కనిపెట్టిండు. మరి బుష్ బిగించుడు గూడ ఆయననే నేర్పిండా?" అని, నా చేతికి బార్ ముక్క ఇచ్చాడు.

ఉస్తాద్ మొదలైంది ట్రాబ్‌ల మీద. వాటిలో కంప్యూటర్ ఉండదు, హెడ్ జరగదు. టూల్ ఎప్పుడు రావాలి, ఎంత లోపలికి రావాలి అన్నదంతా కామ్ అనే ఇనుప పలక అంచు ఆకారంలో ఉంటుంది. పలక తిరిగే కొద్దీ అంచు ఎక్కడ ఉబ్బితే అక్కడ టూల్ ముందుకొస్తుంది. సైజు రాకపోతే పలక తీసి ఆకురాయితో అరగదీసేవాడట. ప్రోగ్రామ్‌ని ఆకురాయితో ఎడిట్ చేసిన మనిషి ముందు నా పదమూడేళ్ళ అనుభవం గురించి నేనెప్పుడూ మాట్లాడలేదు.

బుష్ బిగించడం నాకు మూడు వారాలు పట్టింది. ఎక్కువ బిగిస్తే బార్ వేడెక్కి పట్టేస్తుంది. వదులైతే లోపల కొట్టుకుంటుంది, పిన్ను మీద గీతలు పడతాయి. దీనికి స్క్రీన్ మీద అంకె ఏమీ ఉండదు. బార్‌ని చేత్తో తోసి చూడటమే. తోస్తే వెళ్ళాలి, కానీ వెళ్తున్నట్టు వేళ్ళకి తెలియాలి. "గట్టిగ పట్టొద్దు, ఇడ్శిపెట్టొద్దు. పోరనికి సైకిల్ నేర్పేటప్పుడు సీటు ఎనుక చెయ్యి ఎట్ల పెడ్తవ్? గట్లనే" అన్నాడు ఉస్తాద్. బార్‌లు కూడా ఏవి పడితే అవి పనికిరావు. పొడవునా ఒకే మందం ఉండేట్టు గ్రైండ్ చేసినవి కావాలి. కొత్త కట్ట వచ్చిన ప్రతిసారీ మైక్రోమీటర్‌తో కొలిచి, బుష్ మళ్ళీ సరిచూడాలి. మధ్యలో కట్ట మారితే ఆ సంగతి బుష్‌కి తెలుస్తుంది, ప్రోగ్రామ్‌కి తెలియదు.

ఇంకో సంగతి. నేను ఇలాంటి పత్రికల్లో అప్పుడప్పుడూ పుస్తకాల మీద రాస్తుంటాను. 'చెక్కినట్టున్న వాక్యం', 'కచ్చితమైన పదం' లాంటి మాటలు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. షాపులో కూర్చున్న మే నెల మధ్యాహ్నాల్లో నా పాత సమీక్షలు ఫోన్లో తీసి చదువుకున్నాను. కథలోంచి ఒక సంఘటన తీసుకుని దాని పక్కనే నిలబడి చెప్పిన మాటలు ఇప్పటికీ నిలిచాయి. ఆ సంఘటనని వదిలేసి సమాజం, కాలం, మానవ స్వభావం అంటూ ముందుకి చాచిన మాటలు చూస్తే సిగ్గేసింది. అరవై మిల్లీమీటర్లు బయటికి పెట్టి కోసినట్టుంది. చివర ఎటు కావాలంటే అటు ఊగుతోంది. నేను చదివిన కథల్లో ఫ్యాక్టరీ వచ్చినప్పుడల్లా సైరన్ ఉంది, పొగ ఉంది, సమ్మె ఉంది. బార్‌ని తోసి చూసే వేళ్ళు ఎక్కడా తగల్లేదు. సమీక్షకుడిగా నేను వాటి కోసం అడగనూ లేదు.

ఇక పాడుచేసిన సంగతి.

మే చివర్లో కస్టమర్ నుంచి 40 పిన్నులు తిరిగొచ్చాయి. సైజు బానే ఉంది గానీ ఒంటి మీద సన్నటి గీతలున్నాయి, నున్నగా లేవు. ఉస్తాద్ అక్క కూతురి పెళ్ళికి ఊరెళ్ళాడు, రెండ్రోజుల దాకా రాడు. సోమవారానికి 500 ముక్కలు ఇవ్వాలి. ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. అప్పటికి ప్రోగ్రామ్ చదవడం వచ్చేసింది, ఆఫ్‌సెట్‌లు మార్చడం వచ్చేసింది. ఇది నాకు చేతనైన సమస్యలా కనిపించింది.

నా ఆలోచన ఇదీ. పిన్ను ఒకే పాస్‌లో 6 నుంచి 3కి దిగుతోంది. అంత లోతు ఒకేసారి కోస్తే గీతలు పడవా మరి? ముందు 3.2 దాకా రఫ్‌గా కోద్దాం. తర్వాత బార్‌ని వెనక్కి తెచ్చి, మళ్ళీ మొదటి నుంచి పైపైన ఒక ఫినిషింగ్ పాస్ వేద్దాం. కోడ్ రాసేది కూడా అలాగేగా. ముందు ఎలాగోలా పనిచేసేట్టు రాసి, తర్వాత వెనక్కొచ్చి శుభ్రం చేస్తాం. కాలేజీ లేత్ మీద కూడా ఇలాగే చేశాం. ఆరు లైన్లు కలిపాను. స్క్రీన్ మీద సిమ్యులేషన్ నడిపితే గీతలన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. స్టార్ట్ నొక్కాను.

రఫ్ పాస్ బ్రహ్మాండంగా వెళ్ళింది. బార్ వెనక్కి జరిగింది. ఫినిషింగ్ పాస్ మొదలవ్వగానే, సన్నటి రేకుని ఎవరో మెలిపెట్టినట్టు ఒక కీచు శబ్దం. ఆ వెంటనే టప్‌మని ఒకటి. ఎమర్జెన్సీ స్విచ్ మీద నా చెయ్యి పడేసరికి అయిపోయింది. తలుపు తీస్తే పిన్ను కొంకిలా వంగి ఉంది. టూల్ ఇన్సర్ట్ పగిలింది. వెనక్కి వెళ్ళిన బార్ తనతో పాటు స్టీలు చిప్స్‌ని బుష్‌లోకి లాక్కుపోయింది. అవి లోపల ఇరుక్కుని బార్‌ని పట్టేశాయి. బార్ బయటికి తీశాక టార్చ్ వేసి చూస్తే బుష్ కార్బైడ్ అంచు పెచ్చు లేచిపోయి ఉంది. ట్రాబ్‌ల దగ్గరున్న కుర్రాళ్ళిద్దరూ వచ్చి చూశారు. ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళి పని చేసుకున్నారు.

ఉస్తాద్ మర్నాడు పొద్దున్నే వచ్చేశాడు. నేను పిలవలేదు, ఆ కుర్రాళ్ళే ఫోన్ చేసుంటారు. ప్రోగ్రామ్‌లో నేను కలిపిన ఆరు లైన్లూ చూశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆ వంగిన పిన్ను తీసుకుని, వెనక్కి తిప్పి, బుష్ రంధ్రంలోకి పెట్టి చూపించాడు. ఆరు మిల్లీమీటర్ల రంధ్రంలో మూడు మిల్లీమీటర్ల కడ్డీ. చుట్టూ ఖాళీ. గలగలా కొట్టుకుంటోంది.

"సన్నగయినంక ఎనుకకు వోతే దాన్ని పట్టేటోడు ఎవడున్నడు బాబూ?"

అంతే. ఇది నాకు తెలియని విషయం కాదు. వంపు, ఘనం, ముప్పయ్యో వంతు అని లెక్కలు కట్టింది నేనే. ఆ బుష్ 6 మిల్లీమీటర్ల బార్‌ని మాత్రమే పట్టుకోగలదు. కోసిన భాగాన్ని కాదు. అందుకే ఈ మెషీన్ మీద పొడవునా ముందు రఫ్, తర్వాత ఫినిష్ అనేది కుదరదు. ఎంత లోతు దించాలో అంతా ఆ రెండు మిల్లీమీటర్ల దగ్గరే, ఆధారం ఉన్నప్పుడే దించేయాలి. ఒక భాగం పూర్తిచేసి ముందుకి జరగాలి. జరిగాక అది అయిపోయినట్టే.

అసలు గీతలకి కారణం పాస్ కాదు. ఉస్తాద్ కొత్త కట్టలోంచి ఒక బార్ తీసి కొలిచాడు. పాతవాటికంటే పిసరంత సన్నం. బుష్ కొంచెం బిగించి, ఇన్సర్ట్ మారిస్తే పోయేది. ఆ రోజు నేను మైక్రోమీటర్‌తో పిన్నుల్ని కొలిచాను. బార్‌ని కొలవలేదు.

కొత్త బుష్ బెంగళూరు నుంచి రావడానికి మూడ్రోజులు పట్టింది. సోమవారం డెలివరీ పోయింది. కస్టమర్ పెద్దగా ఏమీ అనలేదు గానీ, ఆర్డర్లో మిగిలిన 1,200 ముక్కలూ ఇంకో షాపుకి ఇచ్చేశాడు. బుష్ డబ్బులు నేనే కడతానన్నాను. మావయ్య వద్దన్నాడు. అప్పటికి ఆయన రోజుకి రెండు గంటలు షాపుకి వస్తున్నాడు. కుర్చీలో కూర్చుని, ఆ పిన్నుని అటూ ఇటూ తిప్పి చూసి, "నేను కామ్ తప్పు కోసి ట్రాబ్ స్పిండిల్ విరగ్గొట్టాను, 1989లో. మా ఓనరు నెల జీతం కోశాడు. నీకు జీతమే లేదు, ఏం కోస్తాం?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు.

"ఉంటావారా? నిజంగా ఉంటానంటే చెప్పు. అమ్మాయి అమెరికా నుంచి రాదు. ఈ ఒక్క మెషీన్ అప్పు ఇంకా మూడేళ్ళుంది. నువ్వు చూసుకుంటానంటే ఉంచుతాను."

"ఆలోచించి చెప్తా మావయ్యా" అన్నాను.

ఆలోచించాను కూడా. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లోనే ఇంకోవైపు ఇంటర్వ్యూలు కూడా ఇస్తున్నాను. జూన్ మూడో వారంలో ఆఫర్ వచ్చింది. పాత జీతం కంటే కొంచెం తక్కువే, అయినా షాపు నెలంతా తిరిగినా మిగలని డబ్బు. మావయ్య దగ్గరికి వెళ్ళి చెప్పాను. చెప్పి, "వీకెండ్స్ వస్తాను. ఓ రెండేళ్ళు చేసి, కాస్త నిలదొక్కుకుని, అప్పుడు పూర్తిగా వచ్చేస్తా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు వినబడింది. 2010లో అన్నదే, దాదాపు అక్షరం మార్చకుండా. ముందు రఫ్‌గా ఒకటి కానిచ్చి, తర్వాత వెనక్కొచ్చి బాగుచేద్దాం అనే ప్లాన్. వెనక్కొచ్చేసరికి పట్టుకునేది అక్కడ ఉంటుందా అని నేను అప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు. మావయ్యకి మాత్రం తెలుసు. ఆయన ఈసారి లేత్‌ల గురించి ఏమీ అనలేదు. "మంచిదిరా. జాయినింగ్ ఎప్పుడు?" అని అడిగాడు.

ఆగస్టులో స్లైడింగ్‌ని చర్లపల్లిలో ఒకాయనకి అమ్మేశారు. ఉస్తాద్ కూడా దానితోపాటే వెళ్ళాడు. ఆ మెషీన్ తెలిసినవాడు కావాలని కొన్నాయనే అడిగాడట. లోడింగ్ రోజు శనివారం. నేను వెళ్ళాను. క్రేన్ వాళ్ళు బెల్టులు వేస్తుంటే ఉస్తాద్ హెడ్ కదలకుండా బిగించాడా లేదా అని రెండుసార్లు చూసుకున్నాడు. గైడ్ బుష్ విప్పి, గుడ్డలో చుట్టి, తన బ్యాగులో పెట్టుకున్నాడు. లారీలో వేయడానికి మనసొప్పలేదు. నావైపు చూసి, "ఎప్పుడన్న రా బాబూ. బార్ తోసి సూద్దువుగాని" అన్నాడు.

లారీ సందు మలుపు తిరగడానికి చాలాసేపు పట్టింది. మావయ్య గేటు దగ్గర నిలబడి వాచీ చూసుకున్నాడు, అది ఎలాగూ తప్పే చూపిస్తుంది. లోపల మెషీన్ ఉన్న చోట నేల మీద నాలుగు ఆయిల్ మరకలు మిగిలాయి. కుర్రాళ్ళు వాటి మీద రంపప్పొట్టు చల్లారు.

చర్లపల్లి మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ఇంకా వెళ్ళలేదు. వంగిపోయిన పిన్ను మాత్రం నా దగ్గరే ఉంది. పుస్తకం మీద ఏదన్నా రాసేటప్పుడు పక్కన పెట్టుకుంటాను. ఒక వాక్యం మరీ ముందుకి చాచినట్టు అనిపిస్తే ఆపి, దాన్ని పట్టుకున్నది ఏముందో, ఎంత దగ్గరలో ఉందో చూసుకుంటాను. అక్కడ ఆ పని కొంచెం వచ్చింది. మిగతాచోట్ల ఇంకా రాలేదు.